మూరెడెత్తు

మా సముద్రం ట్యాంకరులో వస్తుంది.
అయిదు వేల లీటర్లు, ఆరు వందల యాభై రూపాయలు.
రసీదు మీద "ప్రయోగశాల నిమిత్తం" అని రాయించుకోవాలి,
లేకపోతే ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు.

అనంతపురంలో ఏప్రిల్.
వన్నూరప్ప పైపు పట్టుకుని
పద్దెనిమిది మీటర్ల గాజు కాలువలోకి
నీళ్లు వదులుతాడు, చప్పుడు కాకుండా,
పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు.
కిటికీ అవతల హాస్టలు పిల్లలు
ఖాళీ బకెట్లతో నిలబడి చూస్తుంటారు.
నేను అటు చూడను.

కాలువ చివర వాలు. ప్లైవుడ్డు మీద పెన్నా ఇసుక.
ఇసుక మీద అగ్గిపెట్టెల ఊరు, అయిదు వరసలు.
రెండో వరసలో ఒక పెట్టెకు
వన్నూరప్ప కూతురు తలుపు గీసింది, ఎర్ర పెన్నుతో.

మోటారు పలకను ఒక్కసారి నెడుతుంది.
అల అనిపించదు.
వేలెడు మందాన ఒక వాపు
గాజు వెంట నడిచిపోతుంది.
ముప్పై సెంటీమీటర్ల లోతులో
సెకనుకు మీటరున్నర పైచిలుకు.
లోతు నాలుగు కిలోమీటర్లయితే విమానమంత వేగం.
గాలి లేపిన అల పైపైన ఎగిరి పడుతుంది.
ఇది అట్లా కాదు,
పైనుంచి అడుగు దాకా నీళ్లన్నిటినీ కదుపుతుంది.
ఎంత నడిసముద్రంలోనైనా
నేలను తడుముకుంటూనే పోతుంది.

"ఆడ నడిమధ్యన ఎంతెత్తుంటాది మేడం?"
"మూరెడు."
"అంతేనా!"
"పొడుగు మాత్రం ఇక్కడినుంచి కర్నూలంత.
పైన పడవలో ఉన్నవాడికి తెలియదు,
వల సర్దుకుంటుంటాడు."

చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.
"అయితే మా కరువు లెక్కే.
మొదటేడు మూరెడే. చెనిక్కాయ ఒక కాపు పోతాది,
ఎవురికీ తెలీదు."
కాదు, ఆ పోలిక నిలవదు అన్నాను.
అలకు కాలం ఉంది, పొడవు ఉంది,
ఒడ్డు అనేది ఒకటుంది.
అతను వాదించలేదు.
వాళ్ల నాయన వేసిన తొమ్మిది బోర్ల గురించి
నాకు అంతకు ముందే తెలుసు.

ఆ డిసెంబరు ఆదివారం
సముద్రం ముందు వెనక్కి పోయిందని చెప్పింది నూకమ్మ.
ఎన్నడూ చూడని నేల. తడి రాళ్లు.
చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.
పిల్లలు గంపలు తీసుకుని పరుగెత్తారు.
అక్కడ ఆగింది. నా టేపులో ఆ తర్వాత
నలభై సెకన్లు గాలి ఉంది.
నివేదికలో నేను రాసింది ఒక్క వాక్యం:
నీరు వెనుదీసిన వ్యవధి, పదకొండు నిమిషాలు.

ఆ టేపు వన్నూరప్పకు వినిపించాను.
ఎందుకు వినిపించానో తెలియదు.
"మా ఊరి చెరువు ఎండినేడు
మేమూ అట్లే పరిగెత్తినాం మేడం,
బురదలో చాపలకు.
బో సంతోషంగా."
పైపు చుట్ట చుట్టి గోడకు తగిలించాడు.
"నీళ్లు మళ్లా రాల్యా."

నలభై ఒకటోసారి పలక నెట్టాను.
వాలు దగ్గర నీళ్లు ముందు తగ్గాయి,
జానెడు ఇసుక బయటపడి మెరిసింది.
తర్వాత లేచాయి.
మొదటి వరస లేదు. రెండో వరస లేదు.
తలుపున్న పెట్టె గాజుకు అతుక్కుని
ఎర్రరంగు వదులుతోంది.
ఎక్కిన ఎత్తు ఇరవై మూడు మిల్లీమీటర్లు
అని రాసుకున్నాను.

ఆపైన కుళాయి తిప్పి పారబోయడం ఉండదు ఇక్కడ.
"లైన్ల రాండ్రా," అంటాడు వన్నూరప్ప, తలుపు తీసి.
బకెట్లు. చెంబులు. ఎవరో ఒకడు ఐస్‌క్రీం డబ్బా తెచ్చాడు.
ఇసుక కలిసిన నీళ్లే, అయినా.

రికార్డరు ఆపడం మరిచిపోయాను.
కాగితం మీద గంటసేపు గీతలు:
బకెట్టు మునిగినప్పుడల్లా ఒక చిన్న అల
అవతలి గోడ దాకా పోయి, తగిలి, తిరిగి వచ్చింది.
మట్టం మెల్లగా దిగుతూ దిగుతూ
గీత అడుగు తాకింది.

నలభై రెండో ప్రయోగం అని పేరు పెట్టి దాచాను.